చేపల వరస

పియానో మీది ప్లాస్టిక్ కవరు తియ్యకూడదని తల్లిదండ్రుల కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. వాయించాల్సి వచ్చినప్పుడు మెట్లు కనిపించేంత వరకు మడుచుకోవచ్చు, అవగానే మళ్ళీ కప్పెయ్యాలి. పియానో బడికి కమిటీ ఇచ్చిన బహుమతి. కమిటీ వాళ్ళ ఇళ్ళల్లో సోఫాలకీ, భోజనాల బల్లకీ, టీవీ రిమోటుకీ కూడా కవర్లుంటాయి కాబట్టి ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. కైరోలో, ముఖ్యంగా మొహందిసీన్ పేటలో, కొత్త వస్తువు కవరుతో వచ్చి కవరుతోనే పాతబడుతుంది.

మిస్ ఇన్‌షిరాహ్ బడివారం మొదలయ్యే ఆ ఆదివారం పొద్దున్న కవరు మడిచి పియానో ముందు కూర్చుంది. ఎదురుగా నాలుగు వరసల్లో నలభై మంది పిల్లలు. గురువారం వార్షికోత్సవం. ఈసారి విద్యాశాఖ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. సంగీతం క్లాసులో ఏ పిల్లనీ పక్కన పెట్టకుండా అందర్నీ కలుపుకుపోతున్నారో లేదో చూసి, పోతున్నట్టయితే ఓ పత్రం ఇస్తాడు. ఆ పత్రానికి కావలసిన ఫ్రేము ప్రిన్సిపాల్ మదామ్ ఐతిదాల్ ముందే కట్టించి పెట్టుకుంది. వేదిక వెనక తెర మీద "అందరి గొంతూ ఒక్కటే" అని బంగారు దారంతో కుట్టించింది. సిద్ధాంతం కూడా ఆవిడే తయారుచేసింది.

"చూడ్డానికి అందరూ ఉండాలి మిస్ ఇన్‌షిరాహ్. వినడానికి మాత్రం బాగుండాలి."

ఈ రెంటికీ మధ్య ఉన్న చిక్కుని మిస్ ఇన్‌షిరాహ్ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే విడదీసింది. శ్రుతి కలవని పిల్లల్ని వరసలోంచి తియ్యదు. గొంతు తీసేసి, పెదవులు మాత్రం కదపమంటుంది. వాళ్ళని మనసులో చేపలనుకుంటుంది. ఈ ఏడు నాలుగు చేపలున్నాయి. గొంతు పగులుతున్న కుర్రాడొకడు, ఏడాది పొడుగునా జలుబుండే కవలలు, ఏ పాటనైనా జాతీయగీతంలాగే పాడే అమ్మాయి. వార్షికోత్సవం నాడు వీళ్ళ తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటారు. అంతమందిలోనూ మా వాడి గొంతే తెలుస్తోందని చుట్టాలందరికీ పంపుతారు. ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఆ రోజు సాధన చేస్తున్నది పిండి పాట. కిందటి నెల వరండా తుడుస్తూ బదరియ్యా, బడిలో అందరూ దాదా అని పిలిచే ఆయా, కూనిరాగం తీస్తుంటే మదామ్ ఐతిదాల్ విని ఆగిపోయింది. "ఏంటది దాదా?" అంది. "ఏం లేదు మదామ్, దక్షిణాన మా సయీద్ పల్లెల్లో పిండి పాట. రొట్టెపిండి ముద్దలు చేసి డాబా మీద ఎండకి పెట్టి, అది పొంగేదాకా పాడుకుంటాం," అంది బదరియ్యా, పని ఆపినందుకు తిడతారేమోనని తుడుపుకర్ర గట్టిగా పట్టుకుని. "వారసత్వం!" అంది మదామ్ ఐతిదాల్. మొహందిసీన్‌లో రొట్టెలు బేకరీ నుంచి వస్తాయి, అందుకని ఇంట్లో చేసుకునేది ఏదైనా వారసత్వమే. మిస్ ఇన్‌షిరాహ్ బదరియ్యా చేత ఆ పాట మూడుసార్లు పాడించుకుని, స్వరం రాసుకుని, పియానోకి సరిపోయేటట్టు సర్దింది. కార్యక్రమాల కాగితంలో "వారసత్వ గీతం. కూర్పు: మిస్ ఇన్‌షిరాహ్" అని అచ్చయింది. కాగితం ఎలా ఉందో చూడమని బదరియ్యా చేతికిస్తే ఆవిడ రెండు వైపులా చూసి, అంటిన దుమ్ము కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చింది.

"లేవవే తెల్లపిండీ లేవవే," పిల్లలు ఎత్తుకున్నారు. "సూరీడొచ్చాడు లేవవే."

సూరీడు దగ్గర ఏదో గీరుకుంది. మిస్ ఇన్‌షిరాహ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే గీరుకుంది. కుడిచేత్తో మెట్లు నొక్కుతూ, మెడ చాచి వింది. చాలక, లేచి వరసల వెనక నడుస్తూ ఒక్కొక్కరి తల మీదుగా చెవి వంచింది. మూడో వరసలో ఆగింది.

హనియ్యా. బదరియ్యా కూతురు, పదేళ్ళది. పనివాళ్ళ పిల్లలకిచ్చే సీట్లో చదువుతోంది. గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, తన ఇంట్లో ఉన్నట్టు పాడుతోంది.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇలా?"

"మా సిత్తి దగ్గర మిస్. మా నాయనమ్మ. పిండి కలిపేటప్పుడు పాడుద్ది."

"పియానోతో పోట్లాడుతోంది మిస్," అన్నాడు ముందు వరసలోంచి యాసీన్. కమిటీ అధ్యక్షురాలు డాక్టోరా షాహినాజ్ కొడుకు వాడు. పిల్లలు నవ్వారు. హనియ్యా కూడా, నవ్వాల్సిన సంగతి కాబోలని, నవ్వింది.

"అలా కాదు హబీబ్తీ, నా తల్లీ, మనం పాడేది," అంది మిస్ ఇన్‌షిరాహ్. గడియారం చూసింది. ఇంకా ఏడు పాటలున్నాయి. "సరే, ఓ పని చెయ్యి. గొంతు బయటికి రానివ్వకు. పెదాలు కదుపు చాలు. తెలిసిందా?"

హనియ్యా తలూపింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అలవాటైన పిల్ల మొహం.

ఈసారి పాట పియానోకి అంటుకుపోయింది, కవరులాగే. సగంలో మదామ్ ఐతిదాల్ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. చూపుడువేలు మూడో వరస మీద పెట్టింది.

"ఆ పిల్లని చూడండర్రా! ఎంత బాగా పాడుతోందో! మీరూ అలా నోరు తెరవండి."

నలభై తలలూ హనియ్యా వైపు తిరిగాయి. ఆ పిల్ల ఇంకాస్త నోరు తెరిచింది.

సోమవారం మొదటి గంట కాకముందు మిస్ ఇన్‌షిరాహ్ సంగీతం గదిలో స్వరాల పుస్తకాలు సర్దుకుంటుంటే బదరియ్యా బకెట్టుతో వచ్చింది. గది ఆ మూల నుంచి ఈ మూలకి తుడిచింది. మళ్ళీ ఈ మూల నుంచి ఆ మూలకి తుడిచింది. తుడిచిన చోటే మూడోసారి తుడుస్తుంటే మిస్ ఇన్‌షిరాహ్ తలెత్తింది.

"ఏంటి దాదా?"

"ఏమనుకోనంటే ఓ మాట మిస్. పిల్ల గొంతుకేమన్నా జబ్బంటారా?"

"ఏ పిల్ల?"

"మా హనియ్యా. నిన్న ఇంటికొచ్చిన కాణ్ణించీ పాడట్లా. మా అత్త డాబా మీద పిండి పెట్టి పిలిచింది. రావే, పిండి పడుకునుంది, ఇద్దరం కలిసి లేపుదాం అని. ఇది వచ్చింది. పక్కన కూర్చుంది. నోరు మటుకు కదుపుద్ది, గొంతు లేదు. మా అత్తకి చూపు అంతంతమాత్రం గందా, పిల్ల పాడతందనుకుని దాని నోటికాడ చెవి పెట్టి చూసింది. ఏం లేదు. కళ్ళు పోయినయ్, ఇప్పుడు చెవులు కూడా పోయినయ్యేమో అని ఏడుపు లంకించుకుంది ముసలమ్మ." బదరియ్యా తుడుపుకర్ర పిండింది. "తేనె పట్టించా. జీలకర్ర కాచి పోశా. నిమ్మకాయ పిండా. ఏం పలకదు. మీరైతే గొంతుల సంగతి తెలిసినోళ్ళు గదా అని."

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేనే వద్దన్నాను అంటే అయిపోతుంది. మిస్ ఇన్‌షిరాహ్ పుస్తకాల అంచులు బల్లకేసి తట్టి సమం చేసింది. ఇంకోసారి తట్టింది.

"పరీక్షల బెంగ అయ్యుంటుందిలే," అంది.

కైరోలో కలిగినవాళ్ళ పిల్లలకొచ్చే కడుపునొప్పి, తలనొప్పి, జుట్టు ఊడటం అన్నీ పరీక్షల బెంగ వల్లే వస్తాయి. ఆ జబ్బు తన కూతురిక్కూడా వచ్చిందనేసరికి బదరియ్యా మొహం కాస్త తేటపడింది. "అంతేనంటారా? అల్‌హందులిల్లా," అని బకెట్టెత్తుకుని వెళ్ళింది. గుమ్మం దాటి మళ్ళీ తల లోపల పెట్టి, "దాన్ని పాటల్లో నిలబెట్టుకున్నారు, మీ చేతికి దేవుడు బలమియ్య," అంది.

విరామం గంటలో మిస్ ఇన్‌షిరాహ్ హనియ్యాని పిలిపించింది. పిల్ల చేతిలో చిక్కుడుగింజల ఫూల్ పెట్టిన, సగం తిన్న రొట్టె. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వెనక దాచుకుంది.

"పిండి పాట పాడు."

హనియ్యా పెదవులు కదిపింది.

"గొంతుతో."

పెదవులు ఇంకా స్పష్టంగా కదిలాయి.

"నేను చెబుతున్నానుగా హనియ్యా. ఇక్కడ ఎవరూ లేరు. గట్టిగా పాడు."

"తప్పొస్తే మిస్?"

"రానీ."

పిల్ల తలుపు వైపు చూసింది. రొట్టె చేయి మార్చుకుంది. లేవవే తెల్లపిండీ, అని ఎత్తుకుంది. సూరీడు దగ్గరికొచ్చింది. మిస్ ఇన్‌షిరాహ్ చెయ్యి తెల్లమెట్టు నొక్కింది. పిల్ల గొంతు దానికంటే కింద ఉంది. పక్కనున్న నల్లమెట్టు నొక్కింది. పిల్ల గొంతు దానికంటే పైన ఉంది. రెంటికీ సరిగ్గా నడిమధ్యన, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా, దీపం కదలనట్టు నిలబడి ఉంది. పియానో చేసినవాళ్ళు ఆ స్వరానికి మెట్టు పెట్టలేదు.

మిస్ ఇన్‌షిరాహ్ మెట్ల మీంచి చెయ్యి తీసేసింది. కిందటి నెల బదరియ్యా మూడుసార్లు పాడినప్పుడు కూడా ఆ స్వరం అక్కడే ఉంది. అది తనకి తెలుసు. కాలేజీలో అలాంటి స్వరాలు వాయించడంలో మొదటి బహుమతి తెచ్చుకున్న మనిషి తను. తెలిసే దాన్ని తీసి పక్కన పెట్టి, ఆ చోట నల్లమెట్టు రాసింది. పియానో కొత్తది, అచ్చుకి రెండు రోజులే గడువు, ఎవరికి తెలుస్తుంది?

హనియ్యా ఆపేసి మెట్ల వైపు చూస్తోంది. "మిస్, ఏది కరెక్టు? తెల్లదా, నల్లదా?"

"రెండూ కాదు," అందామని మిస్ ఇన్‌షిరాహ్ నోరు తెరిచింది. అప్పుడే తలుపు తోసుకుని డాక్టోరా షాహినాజ్ వచ్చింది. ఏ డాక్టరో ఎవరూ అడగలేదు. అడిగితే ఒంట్లో బాగాలేదనుకుంటారని. కోళ్ళ మేత మీద పరిశోధన చేసిందని బడిలో ఒక్క గుమాస్తాకే తెలుసు. చేతుల నిండా అద్దెకు తెచ్చిన పల్లెటూరి గౌన్లు, పూసల తలగుడ్డలు.

"మిస్ ఇన్‌షిరాహ్! పిండి పాటకి యాసీన్‌ని జల్లెడ పట్టుకోమందామా, రోకలి పట్టుకోమందామా? అయ్యో, ఆ కవరు... తడిచేతులతో ముట్టుకోలేదు కదా ఎవరూ?" రొట్టె చేతిలో పట్టుకున్న హనియ్యాని చూసి చిరునవ్వు నవ్వింది. "పాపం, దీనికి కూడా నేర్పిస్తున్నారా? మీ ఓపికకి మెచ్చుకోవాలి. ఎంతవరకు వచ్చింది?"

"ఏది మిస్?" అంది హనియ్యా మళ్ళీ, మెల్లగా.

ఇద్దరూ తన మొహం వైపే చూస్తున్నారు. మిస్ ఇన్‌షిరాహ్ వేలు నల్లమెట్టు మీద పడింది. "ఇది," అంది. "వేదిక మీద ఇది."

హనియ్యా ఆ మెట్టుని, దానికి ఎడమవైపు ఎన్ని మెట్లున్నాయో కళ్ళతో కొలుచుకుని, రొట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం బడి నుంచి రాగానే మిస్ ఇన్‌షిరాహ్ హిజాబు పిన్నులన్నా తియ్యకుండా మంచం కిందికి దూరింది. ముందు మంచి దుప్పట్లు వచ్చాయి. అతిథులకోసం దాచినవి, ఇంతవరకు ఏ అతిథీ కప్పుకోనివి. తర్వాత పెళ్ళినాటి టీకప్పుల పెట్టె. దాని వెనక గోడకానుకుని కానూన్, ఆవిడ కాలేజీలో వాయించిన తీగల వాయిద్యం.

"ఏంటది?" అన్నాడు భర్త ఇస్మత్ గుమ్మంలోంచి. నీళ్ళ మీటర్ల ఆఫీసులో గుమాస్తా ఆయన. వీధిలో అందరూ ఇంజనీరుగారు అంటారు. ఆయన ఎప్పుడూ కాదనలేదు.

"కానూన్."

"ఇంకా ఉందా? పడేశావనుకున్నాను."

"నేనెందుకు పడేస్తాను?"

"మరి ఇన్నేళ్ళూ?"

బడిలో పియానో వాయించేవాళ్ళనే తీసుకున్నారు. అది ఇస్మత్‌కి తెలుసు. ఆవిడ కానూన్‌ని ముందుకు లాక్కుంది. సంచీ విప్పి, గుడ్డ తడిపి తుడిచింది. ఓ పక్క ఏటవాలుగా కోసిన ఆ చెక్కపెట్టె మీద డెబ్బై ఎనిమిది తీగలు. ఒక్కో స్వరానికి మూడేసి. అయిదు తెగి చుట్టుకుపోయాయి. కుడివైపున తీగల్ని మోసే గుర్రం కింద బిగించిన చేపతోలు పసుపు పచ్చగా ముదిరి, అంచున సన్నగా చిట్లింది. ఒళ్ళో పెట్టుకుని, తాళంచెవితో ఒక్కో మేకూ తిప్పడం మొదలుపెట్టింది. మూడు తీగలు ఒక్కలా పలికేదాకా తిప్పడం, తర్వాతి మూడింటికి వెళ్ళడం, అంతలో మొదటివి దిగిపోతే వెనక్కి రావడం. బయట అసర్ నమాజు పిలుపయింది, కూరగాయల బండివాడు వచ్చి వెళ్ళాడు. పొయ్యి మీద మొలోఖియా ఆకుకూర మాడింది. ఇస్మత్ వచ్చి ఆపి వెళ్ళాడు.

ఎడమ అంచున చిన్నచిన్న ఇత్తడి మీటలు. పైకెత్తితే తీగ కాస్త బిగుస్తుంది, దించితే వదులవుతుంది. పియానోలో లేని మెట్లన్నీ ఆ మీటల కింద ఉన్నాయి. ఆవిడ బొటనవేలు చూడకుండానే సరైన మీటని వెతుక్కుని సగానికి ఎత్తింది. చూపుడువేళ్ళకి ఉంగరాలు తొడిగి, వాటిలో తీగలు మీటే కొమ్ముముక్కలు దోపింది. ఉంగరాలు బిగుతయ్యాయి. పిండి పాట వాయించింది. సూరీడు అక్కడే, నడిమధ్యన, లేచి నిలబడ్డాడు.

పక్కగదిలో టీవీ గొంతు తగ్గింది.

"ఇదెక్కడో విన్నాను," అన్నాడు ఇస్మత్. కాసేపు ఆలోచించాడు. ఎక్కడో గుర్తు రాలేదు. మళ్ళీ టీవీ పెంచుకున్నాడు.

బుధవారం మదామ్ ఐతిదాల్ టీలో మూడు చెంచాల చక్కెర కలుపుకుంటూ అంతా వింది.

"పియానో ఏమవాలి? డాక్టోరాకి నేనేం చెప్పను?"

"మిగతా ఏడు పాటలకీ పియానోయే మదామ్. ఈ ఒక్కదానికి కానూన్. హనియ్యా ఒక్కతే పాడుతుంది."

"ఏ హనియ్యా?"

"బదరియ్యా కూతురు."

"దాదా కూతురా?" మదామ్ ఐతిదాల్ చెంచా ఆగింది. తర్వాత అదే మాట ఇంకో గొంతుతో అంది. "దాదా కూతురు! ఒక్కతే! ముందు నిలబడి! ఇన్‌స్పెక్టరు ఎదురుగా!" చెంచా సాసరులో పెట్టింది. "మిస్ ఇన్‌షిరాహ్, ఇది నాకెందుకు తట్టలేదు? కానూన్ కూడా ఫొటోలో బాగుంటుంది. పిల్లకి బట్టలు మాత్రం మరీ కొత్తవి వెయ్యకండి."

వరండాలో హనియ్యా కనిపించింది. మిస్ ఇన్‌షిరాహ్ ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ నడుముకది అలవాటులేని పని.

"రేపు పిండి పాట నువ్వొక్కదానివే పాడతావు. గొంతుతో. మీ సిత్తిని తీసుకురా."

పిల్ల మొహంలోకి రక్తం వచ్చింది. "ఒక్కదాన్నేనా మిస్? ఒట్టు?"

"ఒట్టు. నువ్వెలా పాడతావో అలాగే పాడు."

"ఇప్పుడు నాకు బాగా వచ్చు మిస్. చూస్తారుగా."

"ఒకసారి పాడి చూపిస్తావా?" అని అడగబోయి మానేసింది మిస్ ఇన్‌షిరాహ్. ఆ గొంతుకి రిహార్సలెందుకు? రిహార్సల్ చేస్తేనే చెడుతుంది. ఆదివారం చెడగొట్టబోయింది తనేగా. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ చాలాకాలానికి ఎవరికో మేలు చేసినట్టు తేలిగ్గా తిరిగింది. జలుబు కవలల్ని పిలిచి ఒకడికి డప్పూ ఒకడికి గజ్జెలూ ఇచ్చింది. గొంతు పగిలిన కుర్రాణ్ణి కింది స్వరంలో పాడమంది. వాడు భయపడి ఏడ్చాడు. పెదవులు కదపడమే నయమన్నాడు.

గురువారం హాలు నిండింది. ముందు వరసలో పూతపూసిన కుర్చీలు, వాటిలో కమిటీ. నడుమ ఇన్‌స్పెక్టరు, పొట్టిమనిషి, ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో బిస్కట్లు. పాట మొదలవగానే నమలడం ఆపి, అవగానే మళ్ళీ మొదలుపెట్టేంత మర్యాదస్తుడు. చివర తలుపు పక్కన నల్లబట్టల్లో ముసలమ్మ కూర్చుంది. ఒళ్ళో గుడ్డ కప్పిన బుట్ట. పక్కన బదరియ్యా, ఎక్కడన్నా తడవుతుందేమోనని తుడుపుకర్రతో సహా, నిలబడి ఉంది.

ఏడు పాటలూ పియానో మీద సాఫీగా జరిగిపోయాయి. చేపలు చక్కగా ఈదాయి. తర్వాత మిస్ ఇన్‌షిరాహ్ కానూన్ ఎత్తుకొచ్చి వేదిక పక్కన కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. మీటలు చూసుకుంది. హనియ్యా ముందుకొచ్చింది. వెలిసిన గౌను. అది అద్దెది కాదు, దాని సొంతమే. మదామ్ ఐతిదాల్‌కి నచ్చింది.

మిస్ ఇన్‌షిరాహ్ వేళ్ళు తీగల మీదికి వెళ్ళాయి. ఎత్తుగడలోనే ఆ నడిమి స్వరాన్ని తాకి, వదిలి, మళ్ళీ తాకింది. హాలు చివర ముసలమ్మ తలెత్తింది. కనిపించని కళ్ళు వేదిక వైపు తిప్పింది. అరచెయ్యి బుట్ట మీద గుడ్డని మెల్లగా, పిండిని తట్టినట్టు, తట్టడం మొదలుపెట్టింది.

"లేవవే తెల్లపిండీ లేవవే..."

గొంతు వచ్చింది. హాలంతటికీ సరిపడా వచ్చింది. బదరియ్యా తుడుపుకర్రకి నుదురానించుకుంది. మిస్ ఇన్‌షిరాహ్ కళ్ళు మూసుకుంది, తర్వాతి మాటకోసం.

"సూరీడొచ్చాడు..."

నల్లమెట్టు. వెంట్రుకవాసి తేడా లేకుండా, కడిగి తుడిచిన పింగాణీ పళ్ళెంలా, నల్లమెట్టు. కింద కానూన్ నడిమి స్వరం పట్టుకుని ఉంది. రెండూ గీరుకున్నాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. యాసీన్ మెడ తిప్పి చూశాడు. హనియ్యా కళ్ళు తెరిచింది. గడ్డం కిందికి దిగింది. సోమవారం కనిపించిన భయం, ఆదివారం లేని భయం. మళ్ళీ తప్పా, అని మిస్ ఇన్‌షిరాహ్ మొహంలోకి చూసింది.

తర్వాతి వాక్యానికి అరశ్వాస ఉంది. స్వరాన్ని అక్కడే పట్టుకుని ఉంటే మూడొందల మంది ముందు పిల్ల ఒంటరిదవుతుంది. బొటనవేలు కదిలింది. సగానికి ఎత్తి ఉన్న మీటని కిందికి దించింది. టిక్కుమంది. పైస్థాయి మీట కూడా దించింది. టిక్కుమంది. ఆ రెండు చప్పుళ్ళూ ఎవరికీ వినిపించలేదు. కానూన్ వెళ్ళి పియానో పక్కన నిలబడింది.

"సూరీడొచ్చాడు లేవవే."

కలిసింది. హనియ్యా మొహం విచ్చుకుంది. గడ్డం పైకి లేచింది.

బుట్ట మీద ముసలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎక్కడికొచ్చామో తెలియనివాళ్ళలా తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా కదలకుండా కూర్చుంది.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి కొట్టాడు, బిస్కట్టు పొడి రాలింది. పత్రం అక్కడికక్కడే ఇచ్చేశాడు. ఫ్రేము కొలత సరిగ్గా సరిపోయింది. డాక్టోరా షాహినాజ్ వేదిక ఎక్కి మిస్ ఇన్‌షిరాహ్‌కి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. "నేను భయపడ్డాను సుమా, ఈ పాత పెట్టె ఏం పలుకుతుందోనని! అచ్చం పియానోలాగే ఉంది!"

హనియ్యా జనంలోంచి దూరి దూరి వచ్చింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుంది.

"సరిగ్గా వచ్చిందా మిస్?"

"వచ్చింది."

"అమ్మ ఫోన్లో పియానో ఉంది. సోమవారం మీరు చూపించారే, ఆ నల్లది. డాబా మీద కూర్చుని నొక్కా, పాడా, నొక్కా, పాడా. మూడ్రోజులు. ముందు అస్సలు రాలేదు, గొంతు పైకి పైకి పోతది. తర్వాత తిన్నగా వచ్చేసింది. ఇంక ఎట్లా పాడినా అదే వస్తది." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మధ్యలో మీదే కొంచెం తప్పింది కదా మిస్? ఫర్లేదు, మీరు వెంటనే సరిచేశారు. నేనెవరికీ చెప్పను."

"చెప్పకు," అంది మిస్ ఇన్‌షిరాహ్.

బదరియ్యా అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలమ్మ గాలిలో తడిమి మిస్ ఇన్‌షిరాహ్ మణికట్టు దొరకపుచ్చుకుంది. బుట్టలోంచి ఎండకి పొంగిన రొట్టె ఒకటి తీసి ఆ చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

"నీ కడుపు చల్లగుండ తల్లీ. టీవీలోళ్ళ మాదిరి పాడింది పిల్ల."

"మీరు నేర్పిన పాటే కదమ్మా."

"నాదేముందిలే. నేను ఇన్నేళ్ళూ తప్పు పాడతన్నానంట." ముసలమ్మ సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. నోట్లో రెండే పళ్ళు. "పొద్దున పిండి పెట్టి మొదలెట్టానా, ఇది పక్కన కూర్చుని, సిత్తీ అక్కడ నల్లమెట్టు, నల్లమెట్టు అంటది. నాకేం తెలుసు? రెండు మాట్లు చెప్పింది, మూడు మాట్లు చెప్పింది. పాపం, ఓపికగానే చెప్పింది. నాకు రాలా. అప్పుడు నా గడ్డం పట్టుకుని, పోన్లే సిత్తీ, ఆ చోటొచ్చినప్పుడు నువ్వు పెదాలు కదుపు చాలు అంది."

బదరియ్యా నవ్వింది. హనియ్యా సిగ్గుతో నాయనమ్మ కొంగులో మొహం దాచుకుంది. వెనక వేదిక మీద ఎవరో పియానోకి కవరు లాగి కప్పుతున్న చప్పుడు.

"మరి కదిపారా?" అంది మిస్ ఇన్‌షిరాహ్. 

"కదిపా. చిన్నపిల్ల గందా, మనసు కష్టపెట్టుకుద్దని." ముసలమ్మ రొట్టె పట్టుకున్న మిస్ ఇన్‌షిరాహ్ చేతిని పైనుంచి తట్టింది. "పిండి మటుకు లేచిందిలే తల్లీ. దానికేం తెలుసు."